మ్యూజికల్‌కి పేరు చాలాసార్లు రిహార్సల్స్ మధ్యలోనే దొరుకుతుంది

మా మ్యూజికల్, అంటే పాటల నాటకం, ఆరు వారాల్లో ప్రదర్శన ఉంది, పాటలన్నీ సిద్ధం, పేరు మాత్రం కుదరలేదు, న్యూయార్క్‌లో బ్రాడ్‌వే నాటకాల వాళ్ళు దీన్ని ముందే ఎలా తేల్చుకుంటారు అని మీరు అడిగారు. చాలాసార్లు వాళ్ళూ ముందే తేల్చుకోరండి. ఏదో ఒక పేరు పెట్టుకుని పని మొదలుపెడతారు, అసలు పేరు దారిలో ఎక్కడో, ఒక్కోసారి నాటకంలోని పాటలోంచే దొరుకుతుంది. నాలుగేళ్ళ క్రితం న్యూజెర్సీలో మేము కొన్ని తెలుగు కుటుంబాలం కలిసి గంటన్నర సంగీత నాటకం వేసినప్పుడు నేనూ ఇదే టెన్షన్ పడ్డాను.

‘ఓక్లహోమా!’ సంగతే చూడండి. లిన్ రిగ్స్ నాటకం ఒకటి 1931లో బ్రాడ్‌వేలో ఆడింది, దాన్ని తీసుకుని సంగీతం కట్టే రిచర్డ్ రాడ్జర్స్, పాటలు రాసే ఆస్కార్ హ్యామర్‌స్టీన్ పాటల నాటకంగా మార్చారు. 1943 మార్చి 11న న్యూ హేవెన్‌లో మొదటిసారి జనం ముందుకు వచ్చినప్పుడు దాని పేరు ‘అవే వుయ్ గో!’. అప్పట్లో న్యూయార్క్‌కి తెచ్చేముందు వేరే ఊళ్ళలో ఆడించి, జనం ఎక్కడ నవ్వుతున్నారో ఎక్కడ కుర్చీల్లో కదులుతున్నారో చూసి మార్పులు చేసుకునేవాళ్ళు. బోస్టన్‌లోనూ పాత పేరుతోనే ఆడింది. ఆ ఊళ్ళు తిరుగుతుండగానే, మొదట కథానాయకుడు ఒక్కడే పాడే ‘ఓక్లహోమా’ పాటని బృందం మొత్తం కలిసి పాడేలా మార్చారు, నాటకానికి ఊపు అక్కడే వచ్చింది. మార్చి 31న న్యూయార్క్‌లో తెర లేచేసరికి ఆ పాట పేరే, చివర ఆశ్చర్యార్థకంతో సహా, నాటకం పేరైపోయింది. ఇదంతా ఇరవై రోజుల్లో! పాత పేరు వింటే ఎవరో ఎక్కడికో బయల్దేరుతున్నారని తప్ప ఏమీ తెలియదు, కొత్త పేరులో ఒక నేల ఉంది, ఆ నేల మీద మనుషుల గర్వం ఉంది. న్యూయార్క్‌లో 2,212 సార్లు ఆడింది, 1953లో ఆ పాటని ఓక్లహోమా తన రాష్ట్ర గీతంగా కూడా చేసుకుంది.

అన్నీ పాటలోంచే రావు. ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ 1949లో మొదట అనుకున్నప్పుడు మన్‌హాటన్ తూర్పు వైపు యూదులకీ కాథలిక్కులకీ మధ్య గొడవ, అందుకే ‘ఈస్ట్ సైడ్ స్టోరీ’. కథ పోర్టోరికన్ కుర్రాళ్ళ ముఠాల వైపు, ఊరి పడమటి వైపు జరిగింది కాబట్టి పేరూ జరిగింది, మధ్యలో కొన్నాళ్ళు ‘గ్యాంగ్‌వే!’ అని కూడా పిలుచుకున్నారు. ‘ఫిడ్లర్ ఆన్ ద రూఫ్’ కొంతకాలం కథానాయకుడి పేరు మీద ఉత్త ‘తెవ్యే’, చివరికి చిత్రకారుడు షగాల్ బొమ్మల్లో కప్పు మీద ఫిడేలు వాయించే మనిషి పేరుగా వచ్చి కూర్చున్నాడు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పేరు అదే, ఎప్పుడు జారిపడతాడో తెలియకపోయినా వాయిస్తూనే ఉంటాడు, కథంతా అందులో ఉంది.

మన పద్యనాటకాల్లోనూ ఇలాంటిది ఉంది, కాకపోతే అక్కడ పేరు మార్చింది జనం. తిరుపతి వేంకట కవులు పెట్టిన పేరు ‘పాండవోద్యోగ విజయములు’, ఊళ్ళలో మాత్రం ‘రాయబారం’ ఆడుతున్నారనే అంటారు. ఏ ఘట్టం పద్యాలు నోటికి వచ్చాయో ఆ ఘట్టమే నాటకం పేరైంది.

ఇక మా సంగతి. కోనసీమలో ఒక రేవు, జనాన్ని ఏరు దాటించే పంటు నడిపే తండ్రి, అవతల కడుతున్న వంతెన, ఇదీ కథ. హాలు బుకింగ్ ఫారంలో పేరు ఖాళీగా వదలకూడదన్నారు కాబట్టి ‘వంతెన’ అని రాసేశాం. రెండు నెలలు అదే పేరు, ఎవరికీ అభ్యంతరం లేదు, ఎవరికీ ఉత్సాహమూ లేదు. చివర్లో తండ్రి పాడే పాటలో ‘ఆఖరి పంటు వెళ్ళిపోయిందా’ అని పల్లవి ఉండేది. రిహార్సల్ అయ్యాక పార్కింగ్‌లో కారెక్కుతూ పిల్లలు దాన్నే పాడుకునేవాళ్ళు, తెలుగు సరిగ్గా రాని పిల్లలు కూడా. ఒక ఇంటి బేస్‌మెంట్‌లో ముప్ఫై మందిని కూర్చోబెట్టి మొత్తం ఆడి చూపించాం, మర్నాడు వాళ్ళలో ఒకాయన ఫోన్ చేసి “మీ ఆఖరి పంటు నాటకం మళ్ళీ ఎప్పుడండీ?” అన్నారు. మేము చెప్పిన పేరు ఆయనకి గుర్తే లేదు.

అయినా వాదన జరిగింది. ఇక్కడ పుట్టిన పిల్లలకి పంటు అంటే తెలియదు, పేరే అర్థం కాకపోతే ఎవరొస్తారు అని ఇద్దరు గట్టిగా పట్టుబట్టారు. నరసాపురం నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దావిడ ఒకరు ఆ మాట విని, తెలియకపోతే అడుగుతారు కదమ్మా, అడిగితే చెబుదాం అన్నారు. ఇంకా మూడు వారాలు ఉందనగా పేరు మార్చాం, అప్పటికే అచ్చయిన రెండు వందల కరపత్రాలు పక్కన పెట్టేశాం. నాకు ఇప్పటికీ అది సరైన పనే అనిపిస్తుంది.

కాబట్టి ఈ ఆరు వారాల్లో మొదట చేయాల్సింది, హాలు వాళ్ళనీ ప్రింటర్‌నీ అడిగి పేరు మార్చడానికి ఆఖరి తేదీ ఏదో రాసిపెట్టుకోండి, అప్పటిదాకా ఫారాల్లో తాత్కాలిక పేరు ఉండనివ్వండి. ఆ తేదీకి కనీసం వారం ముందు, కథ తెలియని వాళ్ళకి ఒకసారి మొత్తం ఆడి చూపించండి, పేరు చెప్పకుండా. తర్వాత రెండు రోజులాగి, మీ నాటకాన్ని వాళ్ళు ఏమని పిలుస్తున్నారో వినండి. దొరికిన పేరుని ఫోన్‌లో ఎవరికైనా చెప్పి చూడండి, రెండోసారి చెప్పాల్సి వస్తే అది పలకడానికి కష్టమైన పేరు. ఈ మధ్యే మీ ఊళ్ళో ఎవరైనా అదే పేరుతో ఆడారేమో కూడా కనుక్కోండి.

ఈలోగా మీ పిల్లలు రిహార్సల్ అయిపోయాక కూడా పాడుకుంటున్న పాట ఏదో, దాని పల్లవి ఇక్కడ రాయండి. ముందు అందులోనే వెతుకుదాం.