క్షమించమని నువ్వు అడగొద్దు

అమ్మాయీ,

నీ ఉత్తరం, దాంతోపాటు విజ్ఞప్తి ముసాయిదా అందాయి. యుద్ధం ఆగిన చోట శాంతి కోసం పనిచేస్తున్న పౌర సంఘంలో చేరి, వాళ్ల రాతకోతలన్నీ నువ్వే చూస్తున్నావని చదివి చాలా సంతోషం కలిగింది. కథ రాస్తే పేరొస్తుంది, కరపత్రం రాస్తే రాదు. అది తెలిసి కూడా కరపత్రమే రాయడానికి కూర్చున్నావు. అందుకే ముసాయిదా శ్రద్ధగా చదివాను. మొహమాటం లేకుండా చెబుతాను, ఏమీ అనుకోకు.

మూడో పేరాలో ఒక వాక్యం రాశావు: "గతాన్ని మరిచి, ఒకరినొకరు క్షమించుకుని ముందుకు సాగుదాం." దాన్ని తీసెయ్. వాక్యం బాగాలేక కాదు, ఆ మాట అనే హక్కు నీకు లేదు, నాకూ లేదు. కొడుకు ఏమయ్యాడో ఇప్పటికీ తెలియని తల్లికి క్షమించమని చెప్పడానికి మనమెవరం? ఎవరిని క్షమించాలో కూడా ఆమెకు తెలియదు కదా. క్షమిస్తుందో లేదో ఆమె ఇష్టం, ఎప్పుడన్నదీ ఆమె ఇష్టమే. మనం అడగాల్సింది ఆమెని కాదు. తెలిసినవాళ్లని అడగాలి. ఆయుధం పట్టినవాళ్లని, పట్టమని పురమాయించినవాళ్లని, ఫైళ్లు దాచినవాళ్లని అడగాలి.

మిగతా ముసాయిదా అంతా శాంతి, సౌభ్రాతృత్వం, నవశకం లాంటి మాటలతో నిండిపోయింది. ఇలాంటి విజ్ఞప్తిని ఏ మంత్రి అయినా ఆనందంగా అందుకుంటాడు, ఫొటో దిగుతాడు, పక్కన పెట్టేస్తాడు. ఆయన చేయాల్సిన పని అందులో ఒక్కటీ లేదు మరి.

నేపాల్ సంగతి చూడు. పదేళ్ల యుద్ధం తర్వాత 2006 నవంబర్ 21న ప్రభుత్వం, మావోయిస్టులు సమగ్ర శాంతి ఒప్పందం చేసుకున్నారు. కనిపించకుండా పోయినవాళ్ల వివరాలు 60 రోజుల్లో బయటపెడతామని అందులోనే రాసుకున్నారు. ఆ పని కోసం కమిషన్ ఏర్పడింది మాత్రం 2015లో. ఈలోపు రాచరికం పోయింది, ఎన్నికలు జరిగాయి, తుపాకులు పట్టిన పక్షం నాయకులు ప్రధానులు కూడా అయ్యారు. రెడ్‌క్రాస్ జాబితాలో మాత్రం 1,300 మందికి పైగా పేర్లు అలాగే మిగిలాయి. ఆ 60 రోజుల మాటని మరిచిపోకుండా ఏటేటా అడుగుతూ వచ్చింది ఆ కుటుంబాలు, వాళ్ల వెంట నిలబడిన సంఘాలు. నీ విజ్ఞప్తికి వెన్నెముక అలాంటి వాక్యం కావాలి. ఫలానా ఒప్పందం, ఫలానా క్లాజు, ఫలానా గడువు, అది దాటి ఇన్ని రోజులైంది, ఇప్పటికైనా ఫలానా అధికారి ఫలానా పని చేయాలి. చదవడానికి పొడిగా ఉంటుంది, నిజమే. కానీ జవాబు చెప్పక తప్పని మాట అదే.

పని అడిగేటప్పుడు అవతలివాడు చేయగలిగేలా అడగడం కూడా ఒక నేర్పు. మొజాంబిక్‌లో 1992లో సంధి కుదిరాక కూడా ఇళ్లలో, పొలాల్లో లెక్కలేనన్ని తుపాకులు మిగిలిపోయాయి. అక్కడి క్రైస్తవ సంఘాల మండలి 1995లో ఒక పథకం పెట్టింది. తుపాకీ తెచ్చిస్తే కుట్టుమిషనో సైకిలో వ్యవసాయ పనిముట్లో ఇచ్చేవాళ్లు. హింస వదలండి అని ఉపన్యాసం చెప్పడం కంటే అది ఎంత స్పష్టంగా ఉందో ఆలోచించు.

ఉత్తర ఐర్లండ్ ఉదాహరణ ఇంకా కష్టమైనది. అక్కడ సాయుధ ముఠాలు కొందరిని రహస్యంగా చంపి, రహస్యంగానే పాతిపెట్టాయి. 1998 శాంతి ఒప్పందం తర్వాత, 1999లో బ్రిటన్, ఐర్లండ్ ప్రభుత్వాలు కలిసి ఆ అవశేషాలు వెతకడానికి ఒక కమిషన్ పెట్టాయి. ఎవరైనా వచ్చి ఫలానా చోట పాతిపెట్టారని చెబితే, ఆ సమాచారాన్ని కోర్టులో వాళ్ల మీద సాక్ష్యంగా వాడకూడదని చట్టంలోనే రాశారు. జాబితాలోని 17 మందిలో ఎక్కువమంది అవశేషాలు అలా దొరికాయి. ఇది న్యాయమేనా అని నువ్వు అడుగుతావు. పూర్తి న్యాయం కాదనే నేనూ అంటాను. కానీ దశాబ్దాల తర్వాత పేరు చెక్కిన ఒక సమాధి దగ్గర నిలబడగలిగిన కుటుంబానికి అది దక్కకూడదని మాత్రం అనలేను. ఇలాంటి చోట నీ అభిప్రాయాన్ని విజ్ఞప్తిలోకి తోసేయకు. శిక్ష ముందా, నిజం ముందా అన్నది కుటుంబాలని అడుగు. అందరూ ఒకే మాట చెప్పరు. చెప్పకపోతే చెప్పలేదనే రాయి. ఏకాభిప్రాయం ఉన్నట్టు నటించిన పత్రం మొదటి సమావేశంలోనే చిరిగిపోతుంది.

బాధితులంటే పగతో రగిలిపోతుంటారని, వాళ్లని మాట్లాడనిస్తే సంధి చెడిపోతుందని కొందరు పెద్దలు నీకు చెప్పే ఉంటారు. వాళ్లకి కొలంబియా గురించి చెప్పు. ఫార్క్ అనే తిరుగుబాటు దళం గెరిల్లాలతో ప్రభుత్వం క్యూబా రాజధాని హవానాలో చర్చలు జరుపుతున్నప్పుడు, 2014లో 60 మంది బాధితులు విడతలవారీగా అక్కడికి వెళ్లారు. చర్చల బల్లకి ఇరువైపులా ఉన్నవాళ్ల ముఖం మీదే తమకు జరిగింది చెప్పారు. అందులో గెరిల్లాల బాధితులున్నారు, సైన్యం బాధితులున్నారు, పారామిలిటరీలనే ప్రైవేటు సాయుధ ముఠాల బాధితులూ ఉన్నారు. 2016 అక్టోబర్ 2న ఒప్పందం మీద దేశమంతా ఓటేస్తే 50.2 శాతంతో 'వద్దు' గెలిచింది. బొహాయా అనే చోట మాత్రం నూటికి తొంభై మందికి పైగా 'కావాలి' అన్నారు. 2002 మే 2న జనం తలదాచుకున్న చర్చి మీద గెరిల్లాల సిలిండర్ బాంబు పడి, ఎంతోమంది పిల్లలతో సహా డెబ్భై మందికి పైగా చనిపోయిన ఊరు అది. ఓటింగుకు ముందే, 2015 డిసెంబర్‌లో గెరిల్లా నాయకులు ఆ ఊరికి వెళ్లి తమ బాధ్యత ఒప్పుకున్నారు. ఆ వరస గమనించు. ముందు చేసినవాళ్లు వచ్చి ఒప్పుకున్నారు, తర్వాతే ఊరు తన మాట చెప్పింది. నీ ముసాయిదా ఈ వరసని తలకిందులు చేసింది. నేను ఇంతగా పట్టుబట్టేది అందుకే.

ఇక వాంగ్మూలాలు. నువ్వు ఎత్తి రాసిన రెండు అనుభవాలూ నన్ను కదిలించాయి, అంతే భయపెట్టాయి కూడా. పేరు మార్చావు, మంచిదే. కానీ ఊరు, వయసు, చేసే పని మూడూ కలిపి రాస్తే పేరు రాసినట్టే. ఆ ఊళ్లో చదివే ఎవరైనా గుర్తుపట్టేస్తారు. గ్వాటెమాలాలో బిషప్ హువాన్ హెరార్డి నాయకత్వంలో చర్చి మానవ హక్కుల కార్యాలయం అంతర్యుద్ధంలో జరిగిన హింస గురించి వేలమంది సాక్ష్యాలు సేకరించి 1998 ఏప్రిల్ 24న నివేదిక విడుదల చేసింది. రెండు రోజుల తర్వాత ఆయన్ని చంపేశారు. అప్పటికి శాంతి ఒప్పందం కుదిరి ఏడాది దాటింది. బిషప్‌కే రక్షణ లేనిచోట, మారుమూల ఊళ్లో ఒంటరిగా ఉన్న ఆడమనిషికి ఏముంటుంది? ఆమె ఒకసారి సరేనందని ఊరుకోకు. రాసింది చదివి వినిపించి మళ్లీ అడుగు, అచ్చుకు పంపేముందు ఇంకోసారి అడుగు. వద్దంటే ఎంత బలమైన కథనమైనా వదిలెయ్.

ఇంకో విషయం కూడా గమనించు. వర్ణవివక్ష కాలపు దారుణాలను విచారించిన దక్షిణాఫ్రికా సత్య, సయోధ్య కమిషన్ ముందుకు వచ్చిన ఆడవాళ్లలో చాలామంది భర్త గురించి, కొడుకు గురించి చెప్పారు గానీ తమ ఒంటి మీద జరిగింది చెప్పలేదు. అది గమనించాకే స్త్రీల కోసం ప్రత్యేక విచారణలు పెట్టారు. కాబట్టి ఎవరు దేని గురించి చెప్పకుండా ఆగిపోతున్నారో చూడు. అక్కడ గుచ్చి అడగకు. సమయం ఇవ్వు, పక్కన ఎవరుండాలో ఆమెనే ఎంచుకోనివ్వు.

ఆ కమిషన్ సంగతి వచ్చింది కాబట్టి తర్వాత జరిగింది కూడా చెబుతాను. 1998 అక్టోబర్‌లో నివేదిక మండేలా చేతికి అందింది. బాధితులకు ఆరేళ్లపాటు ఏటేటా పరిహారం ఇవ్వాలని కమిషన్ సిఫారసు చేసింది. ప్రభుత్వం 2003లో ఒక్కసారిగా 30,000 రాండ్లు ఇస్తామని ప్రకటించి ముగించింది. ప్రపంచమంతా చూసిన విచారణకే ఈ గతి పట్టింది. కెమెరాలు వెళ్లిపోయాక కూడా ఆ లెక్క అడుగుతూ మిగిలింది ఖులుమాని అనే బాధితుల సంఘం. అలాగే, అంతర్యుద్ధం ఆపాలని లైబీరియా మహిళలు 2003లో ఘనా రాజధాని అక్రాలో శాంతి చర్చల హాలు దగ్గర బైఠాయించి నాయకులని కదలనివ్వని సంగతి అందరూ రాస్తారు. ఆ డిసెంబర్‌లో ఆయుధాల అప్పగింత గందరగోళమై ఆగిపోయినప్పుడు, అదే మహిళలు సాయుధుల శిబిరాలకు వెళ్లి కుర్రాళ్లతో మాట్లాడారు. 2005 ఎన్నికలకు ముందు ఆడవాళ్ల పేర్లు ఓటరు జాబితాలో చేర్పించారు. అది ఎవరూ పెద్దగా రాయరు. నువ్వు రాయి. నీ సంఘం చేసే పనిలో ఎక్కువ భాగం ఇలాంటిదే.

రెండు వైపుల నుంచీ నిన్ను తిడతారు. ప్రభుత్వం చంపినవాళ్లనీ తిరుగుబాటుదారులు చంపినవాళ్లనీ ఒకే జాబితాలో, ఒకే వరసలో రాస్తే ఇద్దరికీ కోపం వస్తుంది. అవతలివాళ్ల ఏజెంటువని అంటారు. టెన్షన్ పడకు అని చెప్పను, పడతావు. కానీ ఒకవైపు పేర్లు తగ్గిస్తే గొడవ తగ్గుతుందని ఎవరైనా సలహా ఇస్తే వినకు. ఎవరు చంపారో తేలినచోట స్పష్టంగా రాయి, తేలనిచోట తేలలేదని రాయి. అలా రాసినందుకే ఏదో ఒకరోజు రెండు వైపుల కుటుంబాలూ మీ ఆఫీసులో ఒకే బెంచీ మీద కూర్చుంటాయి.

ముసాయిదా తిరగరాశాక వెంటనే నాకు పంపకు. ముందు ఆ కుటుంబాల వాళ్లని కూర్చోబెట్టి చదివి వినిపించు. వాళ్లు వద్దన్న వాక్యం తీసెయ్, మీ సంఘం పెద్దలు ఒప్పుకోకపోయినా సరే. వాళ్లు చేర్చమన్న డిమాండ్ చేర్చు, భాష కాస్త మొరటుగా ఉన్నా సరే. ఆ తర్వాత పంపితే, తారీఖులు, క్లాజు నంబర్లు సరిచూసి, వారంలోగా తిప్పి పంపుతాను.

ఆశీస్సులతో,
మాస్టారు