యాప్‌కి వదిలేయకు, పేర్లు పట్టుకో

చిన్నీకి,

మావయ్య ఆశీస్సులు. మొన్న ఫోన్‌లో నువ్వన్న మాటకి నవ్వొచ్చింది. స్పాటిఫై యాప్‌లో 10 కోట్లకు పైగా పాటలున్నాయట, నీకు మాత్రం తిప్పి తిప్పి అవే పాతిక పాటలు వినిపిస్తోందట. కొత్తవి వెతుక్కోవడం ఎలాగో చెప్పమన్నావు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

క్యాసెట్ల రోజులే బంగారం అని నేననను. రికార్డింగ్ సెంటర్ నడిపినవాణ్ణి, నాకు తెలుసు. ఈమని శంకరశాస్త్రి గారి వీణ కావాలని ఎవరైనా అడిగితే మద్రాసు నుంచి తెప్పించాలి. అది వచ్చేసరికి అడిగినాయనకి ట్రాన్స్‌ఫర్ అయిపోయి ఉండేది. ఇప్పుడు బస్టాప్‌లో నిలబడి వినేయొచ్చు. దొరకదనే బాధ తీరింది. ఏం అడగాలో తెలియకపోవడమే మిగిలింది.

మా కొట్లో జనం కాగితం మీద పాటల పట్టీ రాసి, 90 నిమిషాల ఖాళీ క్యాసెట్ ఇచ్చి వెళ్లేవారు. (చట్టం సంగతి నన్నడక్కు.) ఒక్కో వైపు 45 నిమిషాలు. అడిగినవన్నీ ఎక్కించాక చివర్లో మూడు నాలుగు నిమిషాల టేపు మిగిలేది. ఖాళీగా ఇస్తే డబ్బు దండగైందనుకుంటారని అక్కడ నాకిష్టమైంది వేసేవాణ్ణి. ఘంటసాల పాటలు అడిగినాయనకి షేక్ చినమౌలానా నాదస్వరం, హిందీ పాటలు అడిగిన కాలేజీ కుర్రాడికి రమేష్ నాయుడు స్వరం కట్టిన తెలుగు పాట. అట్ట మీద పేరు మాత్రం రాసేవాణ్ణి కాదు. వారం తిరక్కుండా కొందరు "ఆ చివర వేసిందేంటండీ?" అంటూ వచ్చేవారు. "అడగనిది ఎందుకు వేశావయ్యా?" అని తిట్టిపోవడానికి వచ్చినవాళ్లూ ఉన్నారనుకో.

నీ లిస్టు అయిపోగానే యాప్ కూడా తనంతట తను ఇంకోటి అందుకుంటుంది, అదే ఆటోప్లే. దాని లెక్క వేరు. నువ్వు విన్నవే విన్న మిగతా జనం ఇంకేం విన్నారో చూసి, నువ్వు మధ్యలో ఆపవు అనుకున్న పాట ఇస్తుంది. తిట్టించుకునే ధైర్యం దానికి లేదు. అందుకని సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆటోప్లే ఆపేయ్. పాట అయిపోయి ఫోన్ ఊరుకున్నప్పుడు, తరవాత ఏం వినాలో నువ్వే ఆలోచించుకుంటావు.

ఏం ఆలోచించాలి అంటావా? పేర్లు పట్టుకో. నచ్చిన పాట పక్కన మూడు చుక్కలు నొక్కితే క్రెడిట్స్ కనిపిస్తాయి. మనవాళ్లు చాలామంది పాడినవాళ్ల దగ్గరే ఆగిపోతారు. స్వరం కట్టిందెవరు, రాసిందెవరు, ఆ వేణువు వాయించిందెవరు, అది చూడు. అందరి పేర్లూ ఉండవు, ఉన్నంతవరకే. ఆ పేరు పట్టుకుని వాళ్లు చేసిన ఇంకో పనికి వెళ్లు. ఇక్కడ కూడా యాప్ తికమక పెడుతుంది. కీరవాణి గారినే తీసుకో. తెలుగులో ఎం.ఎం. కీరవాణి, తమిళంలో మరకతమణి, హిందీలో ఎం.ఎం. క్రీమ్. మనిషి ఒక్కరే. ఒక్క పేరుతో వెతికి ఊరుకుంటే ఆయన చేసిన దాంట్లో చాలా భాగం నీ కంటపడదు. ఇక స్పెల్లింగుల గొడవ సరేసరి. మన పేర్లని ఇంగ్లిష్ అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు. త్యాగరాజ అని కొట్టేటప్పుడు టి తరవాత హెచ్ పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి వెతుకు. తెలుగు లిపిలోనూ కొట్టి చూడు.

పాత పాట కింద కనిపించే సంవత్సరాన్ని నమ్మకు. చాలాసార్లు అది డిజిటల్‌గా ఎక్కించిన ఏడాది. ఘంటసాల గారు 1974లోనే పోయారు, ఆయన పాట కింద 2010 తరవాతి ఏడాది ఏదో కనిపిస్తే కంగారు పడకు. ఇంకోటి, పాత పాటల్ని వేరే గాయకుల చేత పాడించి క్యాసెట్లుగా అమ్మిన రోజులున్నాయి. అలాంటివీ అదే పాట పేరుతో తగులుతాయి. గాయకుడి పేరు చూసి మరీ నొక్కు.

శాస్త్రీయం వైపు వెళ్తే, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ పాత గ్రామఫోన్ రికార్డులో విని "ఇంతేనా" అనకు. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపు పట్టేది మూడు, మూడున్నర నిమిషాలే. కచేరీలో తీరిగ్గా అరగంట నడిచే రాగాన్ని ఆ ఇరుకులో వాయించి చూపించారు. అక్కణ్ణుంచి కచేరీ రికార్డింగులకు వెళ్లు. ఆకాశవాణి వాళ్ల ‘రాగం’ ఛానల్ ఉంది, 2016 జనవరి 26న మొదలైంది, 24 గంటలూ శాస్త్రీయ సంగీతమే. న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఉచితం. విజయవాడ, హైదరాబాద్ కేంద్రాలూ అందులోనే వస్తాయి. రేడియోకి స్కిప్ బటన్ ఉండదు, నచ్చనిది కూడా కాసేపు వినాల్సి వస్తుంది. నీకిప్పుడు కావాల్సిందదే.

స్కిప్ అంటే గుర్తొచ్చింది. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే ఒకసారి విన్నట్టు లెక్క. ఇప్పటి పాటలు చాలా వరకు ఆలోపే నిన్ను పట్టేసుకోవాలని ఆత్రపడతాయి. ఇళయరాజా గారి పాటలో వయొలిన్లు వచ్చి, వేణువు వచ్చి, అప్పుడు గానీ పల్లవి రాదు. ఆ ముందు భాగం దాటేశావంటే పప్పూ నెయ్యీ వదిలేసి పెరుగన్నంలోకి దిగినట్టే.

బస్సులో ఏదో పాట వినపడి పేరు తెలియకపోతే షాజామ్ అనే యాప్ తెరిచి పట్టుకో. అది రికార్డయిన పాటతోనే పోల్చి చూస్తుంది కాబట్టి పెళ్లిలో బ్యాండువాళ్లు వాయించేదాన్ని పోల్చుకోలేదు. దానికైతే గూగుల్‌లో నువ్వే కూనిరాగం తియ్యి, 2020 నుంచి ఆ సదుపాయం ఉంది. శ్రుతి కాస్త తప్పినా ఫర్వాలేదు.

నచ్చినవాటి పేర్లు విడిగా ఎక్కడైనా రాసుకో. డౌన్‌లోడ్ చేశాను కదా అనుకోకు, అవి ఆ యాప్ గడప దాటి రావు. వింక్ లాంటి పెద్ద యాప్‌నే మూసేస్తున్నట్టు ఎయిర్‌టెల్ 2024లో ప్రకటించింది.

చెవులు జాగ్రత్త. 80 డెసిబెల్స్ శబ్దమైతే వారానికి 40 గంటలే హద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. సిటీ బస్సు రొదలో వినపడాలని వాల్యూమ్ పెంచుతావే, అప్పుడు ఆ గంటలు ఇంకా తగ్గిపోతాయి.

అన్నట్టు, మన బుజ్జిగాడికి నీ అకౌంట్ ఇచ్చావట. వాడు పెట్టుకునే డీజే పాటలన్నీ నీ ఇష్టాలే అనుకుంటుంది ఆ యాప్. వాడికి వేరే అకౌంట్ తెరిపించు. అప్పటిదాకా ఫోన్ వాడి చేతికిచ్చే ముందు ప్రైవేట్ సెషన్ ఆన్ చెయ్యి.

ఉంటాను.

మీ మావయ్య