విటమిన్ డబ్బాలో దాచిన మాత్ర

తమ్ముడూ, హెచ్ఐవీ మందులు మొదలుపెట్టిన కొత్తలోనే పరాయి దేశం రావాల్సి వచ్చిందన్నావు. బీమా, వీసా, ఎన్ని నెలల మందులు వెంట తెచ్చుకోవచ్చు అన్నవన్నీ అక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉంటాయి, చూసుకో. అసలు కష్టం గదిలో మొదలవుతుంది.

నేను వచ్చిన కొత్తలో ఒక గదిలో నలుగురం. ఎవరైనా పేరు చదువుతారేమోనని మాత్రలన్నీ ఖాళీ విటమిన్ డబ్బాలో పోశాను. పెద్ద తెలివైనవాణ్ణనుకున్నా. ఒక రాత్రి పక్క మంచం అతను మూత తీసి, "నీరసంగా ఉందిరా, ఒకటి వేసుకుంటా" అన్నాడు. చేతిలోంచి లాక్కున్నాను. గడువు దాటిపోయాయని చెప్పాను. "మరి నువ్వు రోజూ మింగుతున్నావుగా?" అన్నాడు.

మర్నాడే డబ్బా సూట్‌కేసు అడుక్కి చేరింది. గదిలో ఎవరైనా మేలుకుని ఉంటే ఆ రాత్రి మాత్ర లేనట్టే. అప్పట్లో నా మాత్రలో ఎఫావిరెంజ్ అనే హెచ్ఐవీ మందు ఉండేది. తలతిరుగుడు, నిజంలా అనిపించే కలలు. మానడానికి అదో సాకు. కొన్ని నెలలకు వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందన్న లెక్క, పెరిగింది, ఆ మందుకు వైరస్ లొంగడం లేదని తేలింది, మందులు మార్చారు. ఒక మందుకు తప్పించుకున్న వైరస్ ఇంకోదానికి దొరకాలనే మందులు కలిపి ఇస్తారు. మధ్యమధ్య మానేస్తే తప్పించుకునే దారి మనమే చూపినట్టు.

మీకేం, అదృష్టవంతులు. ఇప్పుడిచ్చే డోలుటెగ్రావిర్ అనే మందు ఉన్న మాత్ర రోజుకొకటి చాలు, పగలైనా రాత్రైనా. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న అసిడిటీ మందు మాత్రం దానికి 6 గంటల ముందో, 2 గంటల తర్వాతో వేసుకోవాలి. మరిచిపోయిన మాత్ర గుర్తురాగానే వేసుకో, రెండు కలిపి మింగకు. మిగతాది డాక్టరు చెబుతారు.

డాక్టరు చెప్పనిది ఒంటరితనం. వైరల్ లోడ్ పరీక్షకు అందనంత తగ్గి అలాగే నిలిస్తే లైంగికంగా ఎవరికీ సోకదు. ఆ సంగతి తెలిసి కూడా రెండేళ్లు పెళ్లి మాట ఎత్తితే ఫోన్ పెట్టేసేవాణ్ణి. పండగ రోజున కూడా పని ఉందని అబద్ధం చెప్పి ఆఫీసులో కూర్చున్న ఘనుణ్ణి. అందరికీ చెప్పమనను, నోరు జారని మనిషిని ఒక్కణ్ణి చూసుకో. నేను చివరికి ఆ పక్క మంచం అతనికే చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఆ రోజు నన్ను కాపాడావన్నమాట" అన్నాడు.

ఇప్పుడు వేరే ఊళ్లో ఉన్నాడు. రాత్రి తొమ్మిదికి మెసేజ్ వస్తుంది: "గడువు దాటిన విటమిన్ వేసుకున్నావా?"