గ్రీస్‌లోని నాఫ్‌ప్లియోలో అమ్మతో రెండు రోజులు: మెట్లు, మూసిన షాపులు, భోజనం

అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, అక్కడ కొండమీదున్న పాలమీడి కోటకేమో 999 మెట్లంటున్నారు, ఎలాగని అడిగారు కదా. టెన్షన్ పడకండి, ఆ మెట్లు ఎక్కక్కర్లేదు. కొండకి అవతలి వైపు నుంచి కోట గేటు దాకా రోడ్డుంది, టాక్సీలో వెళ్లిపోవచ్చు. లోపల మాత్రం రాళ్లు అరిగి నున్నగా ఉంటాయి, జారుతాయి. చెప్పులు కాకుండా బూట్లు వేయించండి.

మీరు ఆదివారం దిగుతున్నారు కాబట్టి ఇంకోటి. ఆ రోజు సూపర్ మార్కెట్లు చాలావరకు మూసే ఉంటాయి. పెరుగు, పళ్లు శనివారమే ఏథెన్స్‌లో కొనిపెట్టుకోండి. మామూలు రోజుల్లో కూడా చిన్న షాపులు మధ్యాహ్నం మూసేస్తారు, ఊరంతా కునుకు తీస్తుంది. పాత ఊళ్లో టూరిస్టుల షాపుల సంగతి వేరనుకోండి.

శాకాహారానికి ‘గిగాంతెస్’ అడగండి: టమాటా గుజ్జులో ఉడికించిన పెద్ద తెల్ల చిక్కుడు గింజలు, మన బొబ్బర్లకి పెద్దన్నల్లా ఉంటాయి. ‘గెమిస్తా’ అంటే బియ్యం కూరిన టమాటాలు, క్యాప్సికం. కొందరు కీమా కూడా కూరుతారు, అడిగే తీసుకోండి.

సాయంత్రం నాఫ్‌ప్లియో పాత ఊళ్లోని సింతాగ్మా చౌక్‌లో కూర్చోండి. నేలంతా పాలరాయి, పిల్లలు దానిమీద బంతి తన్నుకుంటుంటారు. అమ్మగారికి నడిచే పనే ఉండదు.