దీపావళికి చల్లు, శివరాత్రికి పూస్తుంది

చెల్లెమ్మా, తిరుపతి నుంచి అమెరికాలో ఈ ఎడారి ఊరు ఫీనిక్స్ వచ్చి ఏడాదన్నా కాలేదు, అప్పుడే పెరట్లో ఎడారి గోల్డ్ పాపీ పూలు పూయించాలంటున్నావు. సంతోషం. ఒక్క డాలరు తీసే ముందు నా మాట విను.

మాది చిత్తూరు పక్క పల్లె. మెట్ట సేద్యం చేసే ఇంట్లో పుట్టిన నాకు తెలియని విత్తనమా అనుకున్నాను. ఇక్కడ జులైలో ఉరుములతో వాన పడగానే మన తొలకరి గుర్తొచ్చి, శెనక్కాయలు వేసినట్టు ఆ వారమే విత్తేశాను. ఒక్క మొలకా రాలేదు. ఇది చలికాలపు మొక్క, నేల చల్లబడితే తప్ప మొలవదు. అక్టోబరు, నవంబరుల్లో తిరుపతిలో ముసురు పట్టిందని మీ అమ్మ ఫోన్లో చెబుతుంది చూడు, అప్పుడు ఇక్కడ చల్లాలి.

రెండో ఏడు మట్టి సంచులకు, ఎరువుకు 140 డాలర్లు పోశాను. అద్దె, ఊరికి పంపేది పోగా ఆ నెల నాకు మిగిలిందే అంత. ఆకు గుబురుగా పెరిగి మొక్కలు ఒరిగిపోయాయి, పూలు నాలుగైదు. ఉలవలకు ఎవరన్నా ఎరువేస్తారా? ఇదీ అంతే. నీళ్లు నిలవని బీద నేల, పొద్దంతా ఎండ, అది చాలు.

గింజ నువ్వులో సగం ఉంటుంది. మనవాళ్లు నువ్వులకు చేసినట్టే ఇసుక కలిపి చల్లు. పైపైన గీరి, అరచేత్తో అదిమితే సరి, లోతుకు పోతే రాదు. మొలిచేదాకా పైమట్టి ఆరనివ్వకు, పిట్టలు తినకుండా చూసుకో. తర్వాత వాన మొహం చాటేస్తేనే నీళ్లు. రోజూ గొట్టం పట్టుకున్నావంటే బిల్లు వాచిపోతుంది, నేను కట్టాను కాబట్టి చెబుతున్నా. మొలక ఆకు సోంపు మొక్కలా సన్న చీలికలుగా ఉంటుంది. కలుపనుకొని నేను దోసెడు పీకేశాను. తిరిగి నాటినా ఒక్కటీ బతకలేదు.

పొద్దుగూకితే పూలు ముడుచుకుంటాయి, మబ్బు రోజున సరిగా విప్పుకోవు. వాడిపోయాయని నీళ్లు గుమ్మరించకు.

ఎడారిలో మొక్కలు పెరికి తేవడం, ఊరి నుంచి విత్తనాలు తేవడం గురించిన రూల్సు నువ్వే చూసుకో, మీ ఈడు పిల్లలకు అదెంత పని.

ఎండలు ముదిరాక మొక్క గడ్డిలా ఎండితే వెంటనే పెరికేయకు. కాయ టప్పున పగిలి గింజలు తనే చిమ్ముకుంటుంది. నేను చివరిసారి పొట్లం కొన్నది 2011లో. ఈ అక్టోబరులోపు మా ఇంటికి రా, ఒక సీసా గింజలు తీసిపెట్టాను. డబ్బు పెట్టి కొనొద్దు.