పేరు లేని పాకెట్ వాచీ ఎవరిది?

ప్రశ్న: నా దగ్గర పాత వెండి పాకెట్ వాచీ ఒకటుందండి, పైన గుండీ తిప్పి కీ ఇచ్చే రకం. వెనక మూత తీస్తే లోపల ఇంకో మూత, దాని మీద ఫ్రెంచిలో 'ఆంక్ర, 15 రుబి' అని ఉంది, మెషిన్ మీద మాత్రం ఓ నంబరూ, ఎ, ఆర్ అనే రెండక్షరాలూ తప్ప ఏ పేరూ లేదు. ఆంక్ర అనేదే కంపెనీ పేరా?

జవాబు: కాదండీ, చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆంక్ర అంటే ఫ్రెంచిలో లంగరు, లీవర్ ఎస్కేప్‌మెంట్‌కి, అంటే చక్రాల్ని ఒక్కో పన్ను చొప్పున వదిలే మీట ఏర్పాటుకి వాళ్ళు వాడే మాట, 15 రుబి అంటే ఇరుసులు అరగకుండా లోపల పెట్టే కెంపురాళ్ళు 15. ఎ, ఆర్ అంటే అవాన్స్, రెటార్, వాచీని తొందర చెయ్యడానికి ఒకటి, నెమ్మది చెయ్యడానికి ఒకటి. మీదాంట్లో రాత చూస్తే స్విట్జర్లాండ్‌దే అయ్యుంటుంది, ఫ్రాన్స్‌ది కూడా కావచ్చు.

అసలు పేరెందుకు లేదంటే, అప్పట్లో స్విస్ వాచీ ఒక్క చేతిలో తయారయ్యేది కాదు. మోటు మెషిన్ ఒకళ్ళు చేస్తే, దాన్నే ఎబోష్ అంటారు, రాళ్ళు ఇంకొకళ్ళు, డయల్ మరొకళ్ళు, కేసు వేరేవాళ్ళు, అన్నీ కూర్చి అమ్మేవాడు ఇంకొకడు. స్విట్జర్లాండ్‌లో ఫోంటెన్‌మెలో అనే ఊళ్ళో 1793 నుంచే ఎబోష్‌ల పని ఉంది. పైగా చాలా దుకాణాలవాళ్ళు డయల్ మీద తమ పేరే వేయించుకునేవాళ్ళు, తయారీదారు పేరు కనబడితే వాళ్ళకి నచ్చేది కాదు. కాబట్టి మీరు వెతకాల్సింది ఎబోష్ చేసినవాళ్ళని.

దాని ముద్ర, ఉంటే, ఎక్కువగా డయల్ కింద ఉంటుంది. ముద్ర లేకపోయినా కీ ఇచ్చే, ముళ్ళు మార్చే భాగాల ఆకారం అక్కడే కనబడుతుంది, అది ఒక్కో ఫ్యాక్టరీకి ఒక్కోలా ఉంటుంది, పాత విడిభాగాల కేటలాగుల్లో బొమ్మలతో పోల్చేది దాన్నే. సైజు కూడా కొలవండి, వాచీలకి వాడే లీన్య్ అనే పాత కొలత లెక్కలో, ఒక లీన్య్ అంటే సుమారు 2.256 మి.మీ. అయితే డయల్ మీరు మాత్రం తియ్యొద్దు, ఎనామిల్ చిట్లిందంటే ఇంక అంతే, స్ప్రింగు బిగువు దించి తియ్యడం తెలిసినవాళ్ళకి ఇవ్వండి.

కేసు లోపల ఎలుగుబంటి ముద్ర ఉంటే 0.875 వెండి, అంటే వెయ్యి పాళ్ళలో 875 పాళ్ళు అసలు వెండి, అడవికోడి ఉంటే 0.800, ఇవి 1880 నాటి స్విస్ చట్టం తర్వాతవి. పక్కన ఇంకేదైనా గుర్తుంటే అది కేసు చేసినవాడిది, మెషిన్‌ది కాదు. శిలువ గుర్తు పక్కన నంబరుంటే స్విస్ పేటెంట్, అంటే 1888 తర్వాతే. ఇక మీ మెషిన్ మీద నంబరంటారా, ఎవరు చేశారో తెలిస్తే తప్ప దాంతో సంవత్సరం తేలదు.