నవల రాసే చెయ్యి స్క్రీన్‌ప్లేకు పనికొస్తుందా?

ప్రశ్న: మాది హనుమకొండ. రెండు నవలలు రాశాను. హైదరాబాద్‌లో ఉన్న మిత్రుడొకడు తన సినిమాకు స్క్రీన్‌ప్లే రాయమని వెంటపడుతున్నాడు. నాకు ఆ పని బొత్తిగా తెలియదు. పైగా సినిమాకు అలవాటు పడితే మళ్లీ నవల రాయలేనేమోనని టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు

జవాబు: తెలియకపోవడం అడ్డేం కాదు. ఇంగ్లిష్ నవలా రచయిత్రి రూత్ ప్రావర్ జాబ్‌వాలాకూ తెలియదు. జర్మనీలో పుట్టి, 1939లో కుటుంబంతో ఇంగ్లండ్‌కు పారిపోయిన యూదు అమ్మాయి, పార్శీ ఆర్కిటెక్ట్‌ను పెళ్లాడి 1951లో ఢిల్లీకి కాపురానికొచ్చారు. నిర్మాత ఇస్మాయిల్ మర్చంట్, దర్శకుడు జేమ్స్ ఐవరీ ఆవిడ నవల 'ద హౌస్‌హోల్డర్'ను సినిమాగా తీస్తామని, స్క్రిప్టు కూడా మీరే రాయాలని వచ్చేసరికి అంతకుముందు ఒక్క స్క్రీన్‌ప్లే రాసిన అనుభవం లేదు. ఆ సినిమా 1963లో వచ్చింది. ఇక మీ టెన్షన్ సంగతి: 'హీట్ అండ్ డస్ట్' నవలకు ఆవిడకు బుకర్ సాహిత్య బహుమతి వచ్చింది 1975లో, అంటే ఆవిడ రాసిన మొదటి సినిమా వచ్చిన పన్నెండేళ్ల తర్వాత! ఆ పైన రెండు ఆస్కార్లు. బుకర్, ఆస్కార్ రెండూ అందుకున్నది ఆవిడ ఒక్కరే.

తమాషా ఏమిటంటే, ఆ ఆస్కార్లు రెండూ ('ఎ రూమ్ విత్ ఎ వ్యూ', 'హోవర్డ్స్ ఎండ్') ఇంగ్లిష్ రచయిత ఇ.ఎం. ఫార్‌స్టర్ నవలల మీద రాసిన స్క్రిప్టులకే. మన పేజీలు మనమే కొట్టేయాలంటే చెయ్యి రాదు కదా, అందుకని మీరూ ముందు వేరేవాళ్ల కథ ఒకటి తీసుకుని చేయి తిప్పి చూడండి. ఆవిడైతే 'హీట్ అండ్ డస్ట్' సినిమాకు కూడా తానే రాసి బ్రిటిష్ సినిమా అవార్డు బాఫ్టా అందుకున్నారు లెండి.

అసలు తిప్పలు ఎక్కడొస్తాయంటే, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చిన రైతు ధర విని లోలోపల కుంగిపోయాడని నవలలో మీరు పేజీన్నర రాస్తారు, బాగానే ఉంటుంది, కానీ కెమెరాకు లోలోపల కనపడదు. వ్యాపారి బస్తాలోంచి గుప్పెడు కాయ తీసి, తాలుందని పెదవి విరిచి, అక్కడే కింద పారేసి పోతాడు. రైతు వంగి ఆ కాయలు ఒక్కొక్కటే ఏరి మళ్లీ బస్తాలో వేసుకుంటాడు. డైలాగ్ అక్కర్లేదు. మీ నవలలో మీకు బాగా నచ్చిన అధ్యాయాన్ని, ఎవరి మనసులో ఏముందో ఒక్క ముక్క చెప్పకుండా, ఇలా రాసి చూడండి. వారంలో తేలిపోతుంది.

అన్నట్టు, ఆ మిత్రుడు అడ్వాన్స్ మాట ఏమైనా ఎత్తాడా? మీ ఉత్తరంలో ఎక్కడా కనపడలేదు.